బల్ల కింది కూజా

కొత్తరకం బీర్లు అమ్మే దుకాణం. మధ్యాహ్నం. రుచి చూసే బల్లకు అటువైపు బీరు పోసిచ్చే అమ్మాయి. ఇటువైపు ఒక పాత బారు మేనేజరు, అదే బారులో పనిచేసే అతని బావమరిది.

"థూ! థూ! ఏంట్రా ఇది?"

"మెల్లగా బావా. జనం చూస్తున్నారు."

"చూడనీ. చూసైనా బాగుపడతారు. ఏమ్మా, ఇది బీరా, గిన్నెలు తోమిన నీళ్లా?"

"దీన్ని సోర్ అంటారు సార్. పుల్లగానే ఉంటుంది. అనాసపండు వేసి పులియబెడతారు."

"అనాసపండు తినాలనిపిస్తే అనాసపండే కొనుక్కుంటా గదమ్మా. మధ్యలో బీరేం పాపం చేసింది?"

"నచ్చకపోతే మింగక్కర్లేదు సార్. ఈ కప్పులో ఉమ్మేయండి. గ్లాసులో మిగిలింది కూడా ఇటివ్వండి."

"ఇస్తే ఏం చేస్తావ్?"

"పారబోస్తా సార్."

"పారబోసి, గ్లాసు?"

"కడుగుతా."

"కడగడమా అది? ఇందాకట్నుంచీ చూస్తున్నా. ఇలా ముంచి అలా తీస్తున్నావ్. ఏ మారాజు ఎంగిలో నా మూతికి తగులుతోంది. నా బార్లో గ్లాసుకి ముందు సబ్బు, తర్వాత వేణ్ణీళ్లు, ఆ తర్వాత చన్నీళ్లు. బోర్లించి ఆరబెట్టాల్సిందే. గుడ్డతో తుడిచాడని ఒకణ్ణి పన్లోంచి తీసేశాను."

"నిజమేనమ్మా. ఎంగిలంటే మా బావకి ఒంటిమీద జెర్రులు పాకుతాయి. మా అక్క గరిటెతో రుచి చూసిందని కూర మొత్తం వదిలేసి లేచిపోయాడు."

"అదిక్కడెందుకురా?"

"నువ్వేగా మొదలెట్టావ్."

"రుచి చూసి అదే గరిటె మళ్లీ కూరలో పెట్టింది. అది చెప్పవేం?"

"సరే, సరే, తప్పు మా అక్కదే. అమ్మా, రెండోది పొయ్యి."

"ఇది పొగ బీరు సార్. బార్లీ గింజల్ని కట్టెల పొగలో ఆరబెట్టి చేస్తారు. ముందు వాసన చూడండి."

"నేను చూసేదేంటి, అదే వచ్చి ముక్కులో దూరింది. ఒరేయ్, మన స్టోర్లో ఫ్రిజ్ కాలిపోయిన రోజు గుర్తుందా?"

"ఉంది."

"ఆ ఫ్రిజ్ ని గ్లాసులో పోసిచ్చింది."

"ఒక్క గుక్క తాగి చెప్పు బావా."

"నువ్వు తాగు."

"నేను తాగా. బాగానే ఉంది."

"నీకేది బాగాలేదు గనక? నీ నాలుక చిన్నాయన జేబులో ఉంది."

"ఉంటే ఉంది. బారు ఆయనది, జీతం ఇచ్చేది ఆయన. సాయంత్రంలోగా ఆరు రకాలు తేల్చి చెప్పమన్నాడు. తేల్చకపోతే రేపు ఆ చెప్పుల కంపెనీ వాళ్లకి తాళాలిచ్చేస్తాడు. మన బార్లో చెప్పులమ్ముతారు బావా. నువ్వూ నేనూ వంటగదిలో వాళ్లూ అందరం వీధిన పడతాం."

"బెదిరిస్తున్నాడ్రా. పెద్దాయన కడుపున పుట్టినవాడు. తండ్రి పెట్టిన బారు మూస్తాడా?"

"మూస్తాడు. మొన్న వాళ్లొచ్చి గోడలు కొలుచుకుపోయారు. నువ్వు స్టోర్లో దాక్కుని చూళ్లేదూ?"

"దాక్కోలేదు. సీసాలు సర్దుతున్నా."

"ఖాళీ స్టోర్లో ఏం సర్దావు బావా?"

"తర్వాతిది పొయ్యమ్మా. వీడి మాటలకంటే అదే నయం."

"ఇది కాఫీ బీరు సార్."

"కాఫీ. బీరు."

"అవును సార్. బాగా పోతుంది ఇది. కుర్రాళ్లు ఎక్కువ అడుగుతారు."

"పొద్దున తాగేదీ సాయంత్రం తాగేదీ ఒకేసారి తాగేస్తే ఇక రోజంతా ఏం చేస్తారమ్మా మీ కుర్రాళ్లు? ... థూ. దగ్గు మందు. చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి పోసేది, అచ్చం ఇదే."

"దగ్గు మందని రాసుకోనా, కాఫీ అని రాసుకోనా?"

"నీ మొహం అని రాసుకో."

"నాలుగోది అడవి బీరు సార్. విడిగా ఏమీ కలపరు. గాల్లో ఉండే ఈస్ట్ వచ్చి పడి దానంతటదే పులుస్తుంది."

"గాల్లో ఇంకేమేం ఎగురుతుంటాయో తెలుసా నీకు? ... ఒరేయ్. ఒరేయ్, ఇటు వాసన చూడు."

"కొంచెం... గుర్రపుశాలలా ఉంది బావా."

"అమ్మయ్య! వీడి ముక్కన్నా వీడి దగ్గరే ఉంది."

"కరెక్టే సార్. గుర్రపుశాల వాసన రావాలి. వస్తేనే మంచి సరుకు."

"విన్నావురా? వస్తేనే మంచిదట! ఇన్నాళ్లూ గ్లాసు శుభ్రం, గ్లాసు శుభ్రం అని మీ ప్రాణాలు తీశానే. గుర్రాన్నొకదాన్ని తెచ్చి కౌంటర్ పక్కన కట్టేస్తే పోయేది. ఇదిగో తల్లీ, తీసుకుపో దీన్ని."

"అయిదోది కొబ్బరి, వెనిల్లా..."

"వద్దు. తలనూనె నేను తలకే రాసుకుంటా."

"సార్, ఒకటడుగుతా, కోపం తెచ్చుకోకండి. అసలు మీకెలాంటిది కావాలి?"

"బీరులా ఉండేది కావాలి."

"అంటే ఎలా సార్?"

"ముందు చేదు తగలాలి. దాని వెనక కొంచెం తీపి. అది పోయాక ఇంకా ఏదో ఉండాలి, ఏంటో తెలీకూడదు. ఒక్కసారే తాగాను అలాంటిది."

"అయిపోయింది. అమ్మా, ఎందుకడిగావమ్మా? ఈ కథ నేను పెళ్లిలో విన్నా, చావులో విన్నా."

"నువ్వు నోర్ముయ్యి. విననీ ఆ పిల్లని. అమ్మా, నేను బడి మానేసి మెకానిక్ షెడ్డులో తన్నులు తిని, లారీలెక్కి, అక్కడా నిలవలేక ఇరవయ్యో ఏట ఆ బారుకొచ్చాను. మొదటి రోజు, ఇంకా తలుపులు తియ్యలేదు. పెద్దాయన నన్ను కౌంటర్ దగ్గరికి పిలిచాడు. వంగి, బల్ల కిందనుంచి ఒక కూజా తీశాడు. ఇది స్పెషల్రా, బయటివాళ్లకి పొయ్యను, నా మనుషులకే అన్నాడు. తన చేత్తో పోసిచ్చాడు. నాకు! అప్పటిదాకా నన్ను ఒరేయ్ అని కూడా ఎవడూ సరిగ్గా పిలవలేదు, ఈలేసి పిలిచేవాళ్లు."

"ఇప్పుడు అందరూ చుట్టూ చేరతారు, చూడు."

"చేరార్రా! వంటవాళ్లూ, సప్లయర్లూ అందరూ చుట్టూ చేరి ఒకటే నవ్వులు, చప్పట్లు. నా పెళ్లిలో కూడా అంత సంబరం జరగలేదు."

"జరగలేదు, మా నాన్న పిసినారి. ఒప్పుకున్నాంగా."

"దాని పేరేంటని తర్వాత ఎన్నిసార్లు అడిగానో. ఆ కంపెనీ మూసేశార్రా అనేవాడు పెద్దాయన. మళ్లీ ఆ కూజా తియ్యలేదు. అప్పట్నుంచీ ఏ సీసా మూత తీసినా అదేనేమోనని చూస్తా. పెద్దాయన పోయినా ఆ బారు వదల్లేదు నేను. ఎంతమంది పిలిచారో వీణ్ణడుగు."

"పిలిచారమ్మా. పెద్ద పెద్ద హోటళ్లవాళ్లు. నన్నూ పోనివ్వలేదు."

"పొమ్మని గెంటినా పోను. ఆయన ఫోటో కింద నిలబడి ఆయన గల్లాపెట్టె చూస్తున్నా. ఇప్పుడీ చిన్నాయన వచ్చి, కొత్త బీర్లు పెడతా, కొత్త రంగులేస్తా, మా నాన్న ఫోటో ఆ గోడకి నప్పదు, తీసేస్తా అంటాడా? కన్నతండ్రి ఫోటో! ఆ మాటన్నప్పుడే ఒళ్లు మండింది. ఈ బీర్లకంటే వెయ్యిరెట్లు కంపు కొట్టింది ఆ మాట."

"సార్, ఆఖరిది ఒకటుంది. లోపల ఫ్రిజ్ లో ఉంది. మరీ పాతకాలపు పద్ధతిలో చేసింది. మీకు నచ్చొచ్చు. తెస్తానుండండి."

"తే తల్లీ. అన్నీ చూశాం, అదొక్కటీ ఎందుకు మానాలి."

"బావా, అమ్మాయి లోపలికెళ్లింది. ఇప్పుడు చెప్తున్నా విను. వచ్చేది ఎలా ఉన్నా సరే, బాగుందను. నాకు ఇంకో పని రాదు. నలభై దాటాక నన్నెవడు పెట్టుకుంటాడు? అక్క మొహం చూసైనా..."

"అక్కని లాగకు. ఒరేయ్, అటు చూడు."

"ఎటు?"

"బల్ల కింద. ఆ మూల. కూజా."

"ఉంటే?"

"నిండా ఉంది. మనకి గుర్రాన్నీ కాలిన ఫ్రిజ్ నీ పోసిచ్చి, అసలుది బల్ల కింద దాచింది. మంచి సరుకు ఎప్పుడూ బల్ల కిందేరా. ఎవడికి పడితే వాడికి పొయ్యరు."

"ముట్టుకోకు బావా. అమ్మాయి రానీ, అడుగుదాం. ... అదిగో, ఫోను. చిన్నాయన. ... ఆఁ, చెప్పండయ్యా. ఇక్కడే ఉన్నాం. చూస్తున్నాం. బావకా? ఆఁ, నచ్చుతున్నాయండి, ఒకటీ అరా... థూ అన్నాడని ఎవరు చెప్పారండి? అది బావ కాదండి, పక్కనెవరో. ... సాయంత్రందాకా ఎందుకు, ఇప్పుడే... అయ్యా, ఒక్క నిమిషం. బావా? ఏమైంది? బావా, ఏడుస్తున్నావా?"

"ఇదేరా."

"ఏది?"

"ఇదే. చేదు, తీపి, ఆ వెనకాలది. అదే. నురగ ఎక్కువ లేదు, అప్పుడూ లేదు. కంపెనీ మూసెయ్యలేదురా. ఎక్కడో చేస్తూనే ఉన్నారు. పెద్దాయనకి తెలీలేదు పాపం. ఇంకో గ్లాసు పోస్తా ఉండు."

"రెండో గ్లాసా? నువ్వా?"

"నువ్వూ తాగు. పట్టు. ఎలా ఉంది?"

"బాగుంది! చాలా బాగుంది బావా! అమృతం! ఇది పెట్టేద్దాం. చిన్నాయన లైన్లోనే ఉన్నాడు, చెప్పెయ్యనా?"

"చెప్పు. ఆరు కాకపోతే పదహారు పెట్టుకోమను, గుర్రాన్ని పెట్టుకోమను, నేను దగ్గరుండి అమ్మిపెడతా. కానీ కౌంటర్ మీద మొదటి బీరు కుళాయి ఇది. దీనికి పెద్దాయన స్పెషల్ అని పేరు. సరిగ్గా దీని పైన గోడకి ఆయన ఫోటో. ఈ రెండూ ఒప్పుకుంటే నాకింకేం పేచీ లేదు."

"అయ్యా, విన్నారా? ఒప్పుకున్నాడయ్యా! ఒకే ఒక్క సంగతి, పెద్దాయన ఫోటో... ఆలోచించుకుని చేస్తారా? అలాగే, అలాగే. ... బావా, నీ కాళ్లకి దండం పెడతాను. మనం బతికిపోయాం."

"సార్, ఇదిగోండి, ఆఖరిది. చల్లగా ఉంది, కాసేపాగి..."

"అది వద్దమ్మా. దొరికింది. దీని పేరేంటో చెప్పు చాలు."

"దేని పేరు సార్?"

"ఈ కూజాలోది."

"సార్... ఆ గ్లాసులో ఉన్నది అదేనా?"

"మాకు పొయ్యకుండా దాచావు. నాకేం కోపం లేదులే. మేమూ ఈ పన్లో ఉన్నవాళ్లమే."

"తాగారా సార్?"

"రెండు గ్లాసులు తాగా. వీడొకటి."

"అయ్యో. సార్, అది అమ్మేది కాదు."

"తెలుసు. అమ్మేదైతే పైనే పెడతావుగా."

"అలా కాదు సార్. అది పారబోసే కూజా. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లు గ్లాసుల్లో వదిలేసినవన్నీ అందులోనే పోస్తా. నిండాక తీసుకెళ్లి బయట కుమ్మరిస్తా. మీరు వద్దన్నవీ అందులోనే ఉన్నాయి."

"ఏమ్మా, ఆ... ఆ ఉమ్మిన కప్పులు?"

"అవీ సార్."

"థూ! థూ! థూ! నీళ్లు! నీళ్లివ్వమ్మా! అమృతం అన్నాను! బావా, ముట్టుకోకు అన్నానా లేదా? థూ! నువ్వేంటి, అలా నిలబడ్డావ్? ఉమ్మెయ్యి! నోరు కడుక్కో!"

"నాదే తప్పు సార్. ఇక్కడే పెట్టి వెళ్లకుండా ఉండాల్సింది. నీళ్లు తాగండి సార్. సార్?"

"అమ్మా. ఒక్క సంగతి చెప్పు. ఈ రుచి ఏదైనా ఒక బీరుకి వస్తుందా? ఒక్కదానికి, విడిగా?"

"రాదు సార్. నాలుగు రకాలవి కలిసి, నిలవుండి, గ్యాసంతా పోతేనే అలా అవుతుంది."

"నీకెలా తెలుసు?"

"నేనూ తాగా సార్. ఇక్కడ చేరిన మొదటి రోజు. స్పెషల్ అని చెప్పి పట్టించారు. కొత్తవాళ్లెవరొచ్చినా పట్టిస్తారట, ఈ పన్లో అన్నిచోట్లా ఉన్నదేనట. అందరూ చుట్టూ చేరి ఒకటే నవ్వు."

"చుట్టూ చేరి."

"అవును సార్. చప్పట్లు కూడా కొట్టారు."

"బావా, చిన్నాయన మళ్లీ చేస్తున్నాడు. ... ఆఁ, అయ్యా. ... నిజంగానా? బావా! ఒప్పుకున్నాడు! ఫోటో ఉంచుతాడట. ఉన్నది చిన్నదిగా ఉంది, నిలువెత్తు చేయించి, లైటు కూడా పెట్టిస్తాడట. సరేననమంటావా?"

"తీసెయ్యమను."

"ఏంటి?"

"ఫోటో. తీసెయ్యమను."

"బావా, ఇప్పుడేగా నువ్వు..."

"ఆరు రకాలు నువ్వే రాసుకో. ఏవైనా ఒకటే. అమ్మా, ఆ రోజు నువ్వు తాగి ఏం చేశావు?"

"ఏం చేస్తాను సార్, గ్లాసు సగం కాకముందే కక్కేశాను. మీరు?"

"నేను ఇంకో గ్లాసు అడిగాను."