ముప్పై ఒకటో పేజీ

సాయంత్రం. భోజనాల బల్ల దగ్గర మానసిక సమస్యలకి సలహాలిచ్చే క్లినిక్ నడుపుతున్న భార్య, ఆమె భర్త, కాలేజీ నుంచి వచ్చిన కూతురు. పక్క గదిలో భర్త తల్లి టీవీ చూస్తోంది.

“నా కుర్చీ ఖాళీ చెయ్యమని పొద్దున్నే చెప్పాను.”

“చేస్తానని నేనూ చెప్పాను. పెట్టెలు బరువు. రేపు క్లినిక్ నుంచి మనిషి వచ్చి తీసుకెళ్తాడు. ఈ పూటకి పక్క కుర్చీలో కూర్చోండి.”

“నిన్న కూడా ఈ పూటకే అన్నావు. ఈ ఇంట్లో నాకంటే ముందు నీ పుస్తకాలకి కుర్చీ దొరుకుతోంది.”

“కింద పెడితే వాటికి చెమ్మ పడుతుంది. మీకు పడుతుందా?”

“నాన్నా, నా కుర్చీలో కూర్చో. నేను స్టూలు తెచ్చుకుంటా.”

“నువ్వు కదలకు పండూ. నేను నా కుర్చీలోనే కూర్చుంటా.”

“అలా లాగకండి, అట్ట చిరిగిపోతుంది. కోపం వచ్చినప్పుడు ‘నువ్వు’ అని కాదు, ‘నాకు’ అని మొదలుపెట్టాలని ఎన్నిసార్లు అనుకున్నాం?”

“నాకు ఈ పెట్టెలు తీసుకెళ్లి బాల్కనీలోంచి కిందకి తోసెయ్యాలని ఉంది. ‘నాకు’తోనే మొదలుపెట్టాను. సరిపోయిందా?”

“పండూ, నవ్వకు.”

“నవ్వట్లేదమ్మా, పొలమారింది.”

“ఏ పుస్తకం రాసినా ముందు మా నెత్తిన రుద్దడమే. నిద్ర మీద రాసినప్పుడు చీకటి పడగానే ఫోన్లన్నీ తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశావు. మా పిన్ని పోయిందన్న కబురు మా అమ్మకి తెల్లారాక తెలిసింది.”

“దానికి నేను అత్తయ్యగారి దగ్గర క్షమాపణ అడిగాను.”

“అడిగావు. తర్వాత క్షమాపణ అడగడం మీద ఇంకో పుస్తకం రాశావు.”

“నన్ను కూడా వదల్లేదు నాన్నా. పిల్లలకి వద్దని చెప్పడం ఎలా అని రాసినప్పుడు నన్ను టూరుకి పంపలేదు. డబ్బుల్లేక కాదు, భయమేసీ కాదు. నేను ఎంతసేపు ఏడుస్తానో చూడ్డానికట.”

“ఇంట్లో పని చెయ్యని సలహా బయటివాళ్లకి ఇవ్వకూడదు. అది నా పద్ధతి. ముందు ఇక్కడ చూసుకుంటాను కాబట్టే విషయం నలభై పేజీల్లో తేల్చి చెప్పగలుగుతున్నా. మిగతావాళ్లు నాలుగొందల పేజీలు రాస్తారు, ఎవరూ చదవరు.”

“నీది చదువుతున్నార్లే. ఈసారిది మా ఆఫీసులో అందరూ చదువుతున్నారు.”

“మీ ఆఫీసులోనా? ఎవరు తెప్పించారు?”

“సిబ్బంది బాగోగులు చూసే ఆవిడ. అందరి బల్లల మీదా తలా ఒకటి పెట్టించింది. మేడమ్ గారి పుస్తకం కదా సార్, మీకు చెప్పకుండా తెప్పించాం అంటూ ముఖమంతా నవ్వు.”

“మరి ఈ మాట ఇంత తీరిగ్గానా చెప్పేది? సంతోషించాల్సిన విషయం కదా.”

“సంతోషించాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర మా క్యాషియరు ముప్పై ఒకటో పేజీ తీసి పైకి చదివేదాకా బాగానే సంతోషించాను.”

“ముందు భోంచెయ్యండి. చల్లారిపోతోంది.”

“ముప్పై ఒకటో పేజీలో ఏముందమ్మా?”

“ఏదో ఉదాహరణ. నువ్వు వెళ్లి మంచినీళ్లు పట్టుకురా.”

“మంచినీళ్లు ఇక్కడే ఉన్నాయి. ఏముంది నాన్నా?”

“నన్నెందుకు అడగడం? పెట్టె నా కుర్చీలోనే ఉంది, తెరువు.”

“తెరవకు పండూ. అవి అమ్మకానికి.”

“ఒకటి నలిగితే ఏం కాదులే అమ్మా. ఇదిగో... ‘యాభై దాటిన ఒక ఇంజినీరు రోజూ సాయంత్రం ఇంటి ముందు చెట్టు కింద కారు ఆపుతాడు. కానీ దిగడు. పసుపు గుడ్డ తీసి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తాడు. పైన తన ఇంట్లో దీపాలు వెలుగుతుంటాయి. అతనికి పైకి వెళ్లబుద్ధి కాదు...’ అమ్మా.”

“చదివింది చాలు.”

“ఇది నాన్న.”

“కాదు. మీ నాన్న ఇంజినీరా? పుస్తకంలో ఆయన వయసు వేరు, ఊరు వేరు, కారు రంగు వేరు. నా దగ్గరికి వచ్చేవాళ్ల వివరాలు ఎలా మారుస్తానో ఇవీ అలాగే మార్చాను. ఎవరూ పోల్చుకోలేరు.”

“పసుపు గుడ్డ మార్చలేదు.”

“ఆ గుడ్డ సంగతి ఎవరికి తెలుస్తుంది?”

“ఆఫీసులో నా బల్ల మీద దాని జత ఉంటుంది. కళ్లద్దాలు, కంప్యూటరు, టీ మరకలు అన్నీ దాంతోనే తుడుస్తాను. క్యాషియరు అక్కడిదాకా చదివి, నా వైపు చూసి, పుస్తకం మూసేశాడు. ఒక్కడు కూడా నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఇంటికి బయల్దేరేటప్పుడు అటెండరు నా బ్యాగు కారు దాకా మోసుకొచ్చాడు, రోగిష్టివాణ్ణి సాగనంపినట్టు.”

“అందులో తప్పేముంది? పక్కవాడి మీద వాళ్లకి జాలి కలిగిందంటే పుస్తకం పని చేసినట్టే.”

“విన్నావా పండూ? పుస్తకం పని చేసిందట.”

“అమ్మా, కాసేపు నువ్వు మాట్లాడకుండా ఉంటే మంచిది.”

“నేనెందుకు మాట్లాడకూడదు? ఆ పేజీ చదివి ఎంతమంది ఫోన్ చేశారో మీ ఇద్దరికీ తెలుసా? మా ఆయనా ఇంతే మేడమ్ అని ఒకావిడ ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది.”

“నేను నీకు చెప్పానా? కారులో కూర్చుంటున్నానని ఎప్పుడైనా నీతో అన్నానా?”

“అనలేదు.”

“మరి నీకెలా తెలిసింది?”

“బాల్కనీలోంచి కనిపిస్తుంది.”

“ఎప్పట్నుంచి చూస్తున్నావు?”

“వానలు మొదలైనప్పటి నుంచి.”

“వానలు మొదలవడం, ఆగిపోవడం కూడా అయింది. అన్నాళ్లూ పైన నిలబడి చూశావు. ఒక్కరోజు కిందకి దిగొచ్చి కారు అద్దం మీద తట్టావా?”

“మనిషి తనంతట తాను నోరు విప్పేదాకా ఆగాలి. మనం తొందరపెడితే ఇంకా ముడుచుకుపోతారు. క్లినిక్‌లో అయితే నేను...”

“నేను నీ క్లినిక్‌కి రాలేదు. ఇంటికి వచ్చాను.”

“గొంతు తగ్గించండి. అత్తయ్యగారు వింటారు.”

“వింటూనే ఉంది. టీవీ సౌండు ఎప్పుడో తగ్గించింది.”

“నాన్నా, నాకూ తెలుసు. కాలేజీ నుంచి వస్తూ చూసేదాన్ని. నీకు ఇబ్బందిగా ఉంటుందని వెనక సందులోంచి తిరిగి వచ్చేదాన్ని.”

“నువ్వు పక్కకి తప్పుకున్నావు తల్లీ. పుస్తకం వెయ్యలేదు.”

“ఒక్క నిమిషం. అమ్మా, ఇక్కడ ఇంకోటి రాశావు. ‘పై అధికారితో పడకపోవడమే దీనికి మూలం’ అని. నాన్నకి ఆఫీసులో ఎవరితోనూ గొడవ లేదుగా. మొన్ననే ప్రమోషన్ కూడా ఇచ్చారు.”

“ఉదాహరణ అన్నాక ఏదో ఒక కారణం ఉండాలి.”

“చివరి పేరా కూడా చదువు పండూ. మా క్యాషియరు అక్కడిదాకా రాలేదు. నేనే తర్వాత చదువుకున్నాను.”

“‘ఒక సాయంత్రం అతను మెట్లెక్కి వెళ్లి, భార్య దగ్గర కూర్చుని మనసులో ఉన్నదంతా చెప్పేశాడు. ఆమె అడ్డు రాకుండా వింది. ఆ రోజు నుంచి అతను కారు ఆపగానే పైకి వెళ్తున్నాడు.’”

“ఇది ఎప్పుడు జరిగింది?”

“పుస్తకం కదండీ. చదివేవాళ్లకి ఒక దారి చూపించాలి. కష్టం చెప్పి మధ్యలో వదిలేస్తే ఎలా?”

“ఇంట్లో పని చేసినదే రాస్తానన్నావు ఇందాక.”

“చేస్తుందనుకున్నాను.”

“నన్ను అడగకుండానే?”

“అడగలేదు. అవును, అడగలేదు. అడిగితే చెప్పేస్తారేమోనని అడగలేదు.”

“ఏం చెప్తానని?”

“పిల్ల ముందు వద్దు.”

“పిల్లకి నీకంటే ముందే అర్థమైంది. ఏం చెప్తాననుకున్నావు?”

“మీకు ఆఫీసులో ఏ బాధా లేదని నాకు తెలుసు. వీధి మలుపు తిరిగినప్పటి నుంచి కారులో పాటలు వినిపిస్తూనే ఉంటాయి. చెట్టు కిందకి రాగానే మీరు పాట ఆపేస్తారు. తలెత్తి మన బాల్కనీ చూస్తారు. రోజూ ఇదే. నేను గోడ వెనక్కి తప్పుకునేదాన్ని. మరి ఆ కారణం నేను ఏమని రాయను? అధికారి మీదకి తోసేశాను.”

“అంటే తెలిసే రాశావు.”

“తెలిసే రాశాను. అలా రాస్తే అలా జరుగుతుందేమోనని కూడా అనుకున్నాను, చదువుకున్నదాన్నయ్యుండి. ఆ పేజీ తీసేయిస్తాను. ఈ పెట్టెలు వెనక్కి పంపేస్తాను. ఇంకేం చెయ్యమంటారో చెప్పండి, చేస్తాను.”

“ఏం చెయ్యక్కర్లేదు. నేను చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకు. అంతే. అమ్మా, టీవీ కట్టేసి ఒకసారి ఇలా వస్తావా?”

“ఎప్పుడో కట్టేశానురా. గుమ్మంలోనే నిలబడ్డాను.”

“వచ్చి కూర్చో. పండూ, ఆ పుస్తకం పక్కన పెట్టి నువ్వూ కూర్చో. ముగ్గురికీ ఒకేసారి చెప్తున్నాను, మళ్లీ మళ్లీ చెప్పలేను. మా ఆఫీసు వెనక వీధిలో ఒక గది తీసుకున్నాను. ఒకటో తారీఖు నుంచి అక్కడే ఉంటాను. ఆ పేజీ మీద కోపంతో అనుకునేరు, కాదు. నువ్వు ఈ పుస్తకం అచ్చుకి పంపకముందే ఆ గది తాళంచెవి నా జేబులో ఉంది.”