మందు కొట్టు ఎత్తిన క్రేనాయన

"అడ్రసు నేనెవర్నీ అడగలేదండీ, ముందు ఆ సంగతి తెలుసుకోండి," అన్నాడు క్రేనాయన, టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని. ఒంటిచేత్తో పట్టుకుంటే గ్లాసు వణుకుతుందని అతనికి తెలుసు.

పళ్ళ డాక్టరు క్లినిక్కు పైన వరండా అది. ఆదివారం క్లినిక్కు ఉండదు కాబట్టి, తాగుడు మానాలనుకునేవాళ్ళు సాయంత్రం అక్కడ చేరి, లోపలి గదిలో గుండ్రంగా కుర్చీలేసుకుని, ఒకరి గోడు ఒకరు వింటారు. ఇంకా పావుగంట టైముంది. దర్జీ, కండక్టరు, మరో నలుగురు పిట్టగోడకి ఆనుకుని టీ తాగుతున్నారు. ఫ్లాస్కు పట్టుకున్న పెద్దావిడ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పోస్తోంది. క్రేనాయన రావడం ఇదే మొదలు. పెళ్ళానికి కూడా చెప్పకుండా వచ్చాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. సిగ్గేసినకొద్దీ అతని నోటికి పట్టపగ్గాలుండవు.

"అడక్కుండా ఎలా కనుక్కున్నావయ్యా?" అన్నాడు దర్జీ.

"క్రేన్ మీంచి చూశా! పదిహేనంతస్తుల ఎత్తున కూర్చుంటానా, ఏ డాబా మీద ఎవరి చొక్కా ఆరేశారో, దానికెన్ని గుండీలు ఊడాయో కూడా చెప్పేస్తా. మీ చొక్కాకి రెండు."

దర్జీ గబుక్కున తన చొక్కా తడుముకున్నాడు.

"అసలు నాకీ మీటింగులెందుకండీ, ఏదో మిమ్మల్ని పలకరించి పోదామని వచ్చాగానీ! మానెయ్యాలనుకున్నా, మానేశా, ఒక్క పూటలో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మందు కొట్టువాడు సైటుకొచ్చి, క్రేన్ కింద నించుని, 'అయ్యా, తమరు రాకపోతే నా కొట్టు మూతపడుతుంది, దిగండి' అని ఒకటే ఏడుపు. నాకు తిక్కరేగింది. కొక్కెం దింపా, కొట్టు కప్పుకి తగిలించా, షట్టరూ బోర్డూ ఫ్రిజ్జూ అన్నీ కలిపి పైకి లేపేశా!"

"ఖాళీ కొట్టేనా గురూ?" కండక్టరు పక్కవాడికి కన్ను కొట్టాడు.

"ఖాళీయా! లైన్లో ఉన్న పదిమందితో సహా! దిగమంటే దిగరే, వాళ్ళ వంతింకా రాలేదట! అలాగే ఊరంతా తిప్పి, ఏటవతల ఇసకలో దింపా. ఒక్క సీసా మోగితే ఒట్టు! పోలీసులొచ్చారు. వాళ్ళ జీపు కూడా ఎత్తా. పైనుంచి ఊరు చూసి, 'ఇంకో చుట్టు తిప్పు బాబూ' అన్నారు."

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వులకి క్రేనాయనకి కాస్త ఊపిరాడింది. ఇలా నవ్విస్తూ పోతే తనని ఎవరూ ఏమీ అడగరు. మెల్లగా దిగి ఇంటికెళ్ళిపోవచ్చు.

"చెయ్యంటే అదండీ! మొన్న మంగళవారం చూడాల్సింది. ఇనపచువ్వల కట్ట ఎత్తుతున్నా. ఒకటే సుడిగాలి! సిమెంటు బస్తాలు పిట్టల్లా ఎగురుతున్నాయి. కట్ట జారింది. కింద ఎవరనుకున్నారు? మా బావమరిది! మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు! నేనేం చేశానూ, లివరు ఇలా ఒక్క తిప్పు తిప్పి, గాలినే అటు నెట్టేసి, కట్టని వాడి పక్కన పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టా. సైటంతా చప్పట్లు! సాయంత్రం మా అత్తగారొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, కళ్ళకద్దుకుని..."

అక్కడ ఆపి, గ్లాసులో మిగిలిన టీ తాగేశాడు. అతను చెప్పినవాటిలో కట్ట జారడం, కింద బావమరిది, ఆ చప్పట్లూ అత్తగారూ తప్ప తక్కినవన్నీ కోతలే.

పెద్దావిడ వచ్చి అతని గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

"మూడో మెట్టు విరిగింది, గోడవైపు అడుగెయ్యమని చెప్పాను కదా నాయనా," అంది. "చూసుకునే ఎక్కావా?"

నవ్వులు ఆగిపోయాయి. మీటింగు గురించి ఎవరు ఫోను చేసినా ఎత్తేది ఆవిడే. అక్కడున్న ప్రతివాడికీ దారి చెప్పిందీ, మూడో మెట్టు సంగతి చెప్పిందీ ఆ గొంతే. దర్జీ తల దించుకుని టీ తాగాడు.

క్రేనాయన కూడా ఆ గొంతు గుర్తుపట్టాడు. గురువారం సైటు బాత్రూంలో, బయటికి వినపడకుండా కుళాయి తిప్పి, ఏడుస్తూ ఫోన్లో అంతా చెప్పుకున్నది ఈవిడతోనే. అప్పుడూ ఆవిడ ఆరా తియ్యలేదు, ఇప్పుడూ ఇంకో మాట అనలేదు. అతనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెట్లు పక్కనే ఉన్నాయి, పోవాలంటే పోవచ్చు.

"చూసుకునే ఎక్కానమ్మా," అన్నాడు చివరికి. "గోడవైపే."

"మంచి పని చేశావు. టైమైంది, లోపలికి రా."

తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. తన వంతొచ్చినప్పుడు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అవి వణుకుతుంటే అందరూ చూశారు. ఈసారి దాచుకోలేదు.

"మంగళవారం గాలి లేదండీ," అన్నాడు. "ఆకు కూడా కదల్లేదు. నేనే పొద్దున్నే తాగి ఎక్కా. కట్ట వాడి మీద పడకపోవడం నా గొప్పేం కాదు. మా అత్తగారు కళ్ళకద్దుకున్నది ఈ చేతులనే. రేపు పొద్దున మళ్ళీ ఎక్కాలి. కింద వాడే ఉంటాడు."