ఇరుక్కుపోయిన పిస్టను

ఉద్దనపల్లి పెద్దలకు, హోసూరు నుంచి షిఫ్టు వదులుకుని వచ్చిన మా లేత్ సెక్షన్ మిత్రులకు, వదిన పుష్పావతమ్మకు, వాళ్లమ్మాయి రేణుకు నమస్కారం. శ్రీరంగప్పన్న పోయి నేటికి పదకొండు రోజులు.

నేను మాదేశ్‌ను. ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు ఆయన పక్క లేత్ నాది. రిటైరయ్యాక ఈ షెడ్డులో ఆయన చేసిన బుల్లి ఆవిరి ఇంజన్లు మీరందరూ చూశారు. గుప్పిట్లో పట్టే సిలిండరు, అందులో బొటనవేలంత పిస్టను. దాని పక్కల నుంచి ఆవిరి పోకుండా ఒక సీలు. అన్న తలనొప్పంతా ఆ సీలుతోనే!

మేకలు కాసిన ఇంటి బిడ్డ కదా, తాడు పేనినట్టు గ్రాఫైట్ దారాన్ని తొడ మీద పేని, పిస్టను గాడిలో చుట్టేవారు. లుంగీ నిండా నల్ల మరకలు. "లుంగీని ఉతకాల్నా, మొగుణ్ణి ఉతకాల్నా?" అని వదిన తిట్టని రోజుందా?

చుట్టాక నూనె పూసి, సిలిండర్లో దించి, తలకిందులుగా పట్టుకునేవారు. పిస్టను తన బరువుకు తానే మెల్లగా జారాలి. దబ్బున పడితే వదులు. కదలకుంటే బిగువు. ఎన్నిసార్లు విప్పారు! ఎన్నిసార్లు చుట్టారు! "రవంత ఆవిరి పోతే పోనీప్పా, బిగించి చంపొద్దు" అనేవారు.

ఫ్యాక్టరీలో ఒకసారి పన్నెండు పీసులు పాడుచేసి స్క్రాప్ డబ్బాలో దాచాను. ఆయన చూశారు. ఎవరికీ చెప్పలేదు. "నువ్వే పోయి చెప్పప్పా. నేను ఈడే ఉంటా" అన్నారు. చెప్పి వచ్చేదాకా నిజంగానే అక్కడే నిలబడ్డారు.

పక్షవాతంతో మంచాన పడ్డాక, చివరి ఇంజను నా చేతికిచ్చారు. "సీలొకటే మిగిలింది, తొందరపడొద్దు" అన్నారు. తొందరపడ్డాను. దారం పేనే ఓపిక లేక, నీళ్ల మోటారుకని తెచ్చిన రబ్బరు రింగు తొడిగాను. తలకిందులుగా పట్టి చూడనైనా లేదు. వేడి ఆవిరి తగిలేసరికి రబ్బరు ఉబ్బి పిస్టను ఇరుక్కుపోయింది. గుంజితే రాదు, నెడితే కదలదు.

అప్పుడు నేనేం చేశాను? పాత ఇంజను తిరిగే వీడియో తీసి, ఇది ఆ చివరి ఇంజనేనని చూపించాను. అన్న ఫోనును చెవికి ఆనించమన్నారు. చాలాసేపు విన్నారు. "సరేప్పా" అన్నారు. నాలుగో రోజు పోయారు.

తన చేత్తో చేసిన ఇంజను చప్పుడు ఆయనకు తెలియదా? తెలుసు. నేనే చెప్తానని ఎదురుచూశారు. రోజూ గడప దాకా వచ్చాను, రోజూ వెనక్కి పోయాను. ఇప్పుడు చెప్పుకుందామంటే మనిషి లేడు. పదిహేను రోజులుగా అటూ పోలేక, ఇటూ రాలేక ఊపిరాడక చస్తున్నాను.

నివాళికి రెండు నిమిషాల మౌనం వద్దు, బదులుగా ఆ చివరి ఇంజనే నడపమని రేణు అడిగింది. అమ్మా రేణూ, అది నడవదు. మీ నాయన పనిలో లోపం లేదు. తప్పు నాది.

అందరూ లేవండి. ఇంజను మోగాల్సిన ఈ రెండు నిమిషాలూ, అన్న ఫోటో ముందు పెట్టిన ఆ ఇంజనులాగే చప్పుడు చేయకుండా నిలబడదాం.

అన్నా, చెప్పినాను. నువ్వు ఈడే ఉండావు కదా?