చర్చి పొలం దారి

ఆష్‌వోల్డ్ అనే చిన్న ఊరు, ఇంగ్లండు. బయట వాన. ఎనభై తొమ్మిదేళ్ళ సిరిల్ హాక్స్‌బీ వంటింట్లో, ఊరి చరిత్ర రాస్తున్న టామ్సిన్ కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

“టీ చల్లారిపోతోంది, అమ్మాయ్.”

“తాగుతాను, సిరిల్ తాతా. ముందు ఈ ఒక్క గడి నింపేద్దాం. చర్చి పొలం దారిలో మీరు ఏడాదికి ఎన్నిసార్లు నడిచేవారు?”

“బిస్కెట్లు కూడా ఉన్నాయి. అల్లంవి.”

“తాతా! మూడోసారి అడుగుతున్నాను. పొలం కొన్న కొత్తాయన దారికి అడ్డంగా కంచె వేసేశాడు. ఆ దారి ఊరిదా కాదా అని శుక్రవారమే విచారణ. మీ సాక్ష్యం కాగితం ఒక్కటే మిగిలింది.”

“ఎంతమంది రాసిచ్చారు?”

“నలభై మంది.”

“చాలరూ?”

“మీరు లేకపోతే ఎలా? ఆ దారి నిలబెట్టిందే మీరు! నా పుస్తకం కూడా దాంతోనే మొదలు. వినండి...”

“వద్దులే.”

“‘1953 ఫిబ్రవరి. పొలం యజమాని అయిన దొర దారి గేటుకి గొలుసు వేయించాడు. సిరిల్, అతని తమ్ముడు రెగ్, మరో ఇద్దరు ఆ గొలుసు తెంపి, వాళ్ళమ్మ ఎడా హాక్స్‌బీ శవపేటికను పొలం మీదుగా చర్చికి మోసుకెళ్ళారు. శవం వెళ్ళిన దారిని ఎవరూ మూయకూడదని ఊరి నమ్మకం. వారం తిరక్కుండా దొర గొలుసు తీయించాడు.’ బాగుందా?”

“బాగుంది. మేం తెంపి ఉంటే ఇంకా బాగుండేది.”

“తెంపి ఉంటే అంటే?”

“ముట్టుకోలేదు. గేటు దగ్గర దొర కావలివాడు నిలబడ్డాడు. అరవలేదు, కొట్టలేదు. ‘సిరిల్, నువ్వుండే ఇల్లు దొరది, ఆలోచించుకో’ అన్నాడు. అంతే. ఇంట్లో చెల్లెళ్ళిద్దరు. చిన్నదానికి ఆరేళ్ళు. నాన్న అప్పటికే లేడు.”

“మరి... అమ్మగారిని?”

“వెనక్కి తిప్పాం. రోడ్డు మీదుగా మూడు మైళ్ళు, వానలో. రెగ్ రెండుసార్లు జారాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఆ పొలంలోంచే చర్చికెళ్ళేది. చివరిసారి తీసుకెళ్ళలేకపోయాను.”

“మరి ఊరంతా ఇలా ఎలా చెప్పుకుంటోంది?”

“ఆ సాయంత్రం పబ్బులో రెగ్ అనేశాడు, పొలం మీంచే తీసుకెళ్ళామని. నేను కాదనలేదు.”

“కావలివాడు?”

“వాడూ నోరు విప్పలేదు. శవాన్ని ఆపినందుకు వాడికీ సిగ్గే. దొర లండన్ నుంచి వచ్చేసరికి ఊరంతా అదే మాట. ఆయనదీ అదే నమ్మకం. తనే గొలుసు తీయించాడు.”

“ఇన్నేళ్ళూ ఎవరికీ...”

“చెప్పలేదు. ప్రతి క్రిస్మస్‌కీ పబ్బులో ఎవడో ఒకడు భుజం తట్టి నాకో గ్లాసు పోయిస్తాడు. డెబ్భై ఏళ్ళుగా తాగుతున్నాను ఆ బీరు. అలిసిపోయాను, అమ్మాయ్. విచారణలో ప్రమాణం చేసి అదే అబద్ధం మళ్ళీ చెప్పలేను.”

“చెప్పక్కర్లేదు తాతా! శవం వెళ్ళిందా లేదా అని వాళ్ళసలు అడగరు. అది చట్టం కాదు, వట్టి నమ్మకం. జనం ఇరవై ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా నడిచారా అన్నదే చూస్తారు.”

“వట్టి నమ్మకమా?”

“వట్టిదే.”

“దాని కోసమా ఇన్నేళ్ళు...”

“ఆ గొలుసు తీసింది ఆ నమ్మకమే కదా. అది వదిలేయండి. మీరెన్నిసార్లు నడిచారో ఉన్నదున్నట్టు చెప్పండి, చాలు.”

“నడవలేదు.”

“ఈమధ్యనా? మోకాళ్ళ నొప్పులా?”

“ఎప్పుడూ. అమ్మ పోయాక ఒక్కసారి కూడా.”

“డెబ్భై ఏళ్ళలో? మరి చర్చికి?”

“రోడ్డు మీదే. నా పెళ్ళినాడు కూడా. బురద అనేవాణ్ణి, బూట్లు పాడైపోతాయనేవాణ్ణి. అమ్మను తీసుకెళ్ళని దారిలో నా కాళ్ళెట్లా పోతాయి?”

“అయ్యో, తాతా...”

“ఏడవకు. ఆ టీ తాగు. పుస్తకంలో ఆ పేజీ మార్చేయ్. వెనక్కి తిప్పింది నేనేనని రాయి. రెగ్‌ను ఏమీ అనకు.”

“అనను. ఈ గడిలో... సున్నా వేసేదా?”

“వేసేయ్. కంచె తీసేస్తారంటావా?”

“తీస్తారు. ఆ నలభై మంది చాలు.”

“అయితే ఆ దారిన ఒక్కసారి వెళ్తాను. రెగ్ లేడు, ఆ ఇద్దరూ లేరు. నన్ను మోయడానికి నలుగుర్ని నువ్వే చూసిపెట్టు.”