కుట్లు మానినా మానని నొప్పి

ఎందుకవ్వా అట్ల కడుపు పట్టుకొని లేస్తావు అని అడుగుతాండావు గదా పాపా. చెప్తా, కూకో.

మీ అమ్మ అప్పుడు ఏడో తరగతి. కాదు కాదు, ఏడు పాసై ఎనిమిదిలోకి వొచ్చింది. మన ఊరు కోసిగిలో వానల్లేవు. ఏటేటా పోయినట్లే సుగ్గికి, అదే, గుంటూరు పక్క మిరపకాయలు తెంపను పోయినాం. అంతకు ముందేడు నాకు గర్భసంచి తీసేసినారు. కుట్లు బాగానే మానె. పైన సూస్తే సన్న గీత, అంతే. చేన్లో వంగితే మాత్రం లోపల ఎవురో పేగు పట్టి గుంజినట్లుండేది.

మీ తాత, పోయినోన్ని అనగూడదు గానీ, కూలోళ్లందరి ముందర, "కుట్లు మాని ఏడాదాయె, ఇంకేం నొప్పే నీకు, పనిదొంగా" అనె. స్కానింగు తీసినోళ్లేమో ఏం లేదమ్మా అనిరి. దర్గాలో తాయెత్తు కూడా కట్టిస్తిమి. ఏం తగ్గల్యా.

నా వంతు మిరప సాలు ఎవురు తెంపల్ల మరి? ఊర్లో ఉన్న మీ అమ్మను బడి మాన్పించి తోలకొచ్చె మీ తాత. ఆ పిల్ల ఏడ్సనన్నా ఏడ్సలేదు. నడుముకు సంచి కట్టుకొని నా సాల్లో వంగె. నేను గుడిసెలో ముడుచుకొని పండుకొని దాన్నే సూస్తాంటి. కడుపులో నొప్పి కన్నా అది... వొదిలేయ్ లే.

శానా ఏండ్లకు ఒకనాడు ఒగటే వాంతులు, కడుపు ఉబ్బి రాయి మాదిరి ఆయె. కర్నూలుకు ఎత్తకపోయి కోసినారు. డాక్టరమ్మ మీ తాతకు చెప్పె. "పాత ఆపరేషన్ కాడ లోపల మచ్చ కట్టింది. దానికి పేగు అతుక్కుంది. వంగినప్పుడల్లా లాగుతుంది కదా. ఇలాంటివి స్కానింగులో సరిగా కనపడవు."

"అయితే నిజంగానే నొప్పా మేడమ్?" అనె మీ తాత.

నాకు, ఏమనల్ల, సంతోషమాయె పాపా. పొట్ట కోపిచ్చుకొని పండుకొని సంతోషం! మీ తాత లేసి బయటికి పాయె. తప్పాయె అని సచ్చేదాంక అనల్యా.

అతుక్కునిందంతా విడదీసినారు. మళ్లా అతుక్కోవచ్చు అని ఆయమ్మ అప్పుడే చెప్పె. కొన్నాళ్లు బాగుంటి, మళ్లా వొచ్చె. కోస్తే ఇంకో మచ్చ కడతాదంట, ఇంగెందుకు? మీ అమ్మ బడి మాటంటావా, అప్పటికే దానికి పెండ్లయి నువ్వు కడుపులో ఉంటివి.

నువ్వు సల్లంగుండల్ల తల్లీ. నొప్పి అంటే, యాడ అని అడిగేటోళ్లు నీ ఇంట్లో ఉండల్ల.