రెడ్డోళ్ల బిడ్డకు పాలిచ్చిన దినాలు

"అవ్వా, నువ్వు ఒకప్పుడు చర్చికి పోయేది మానేసినావంట గదా? నాయన చెప్పినాడు."

మీ నాయన చెప్పినాడా! వానికేం తెలుసు, అప్పటికి వాడు పుట్టనే లేదు. మానేసిన మాట నిజమేలేమే. కూచో, చెప్తా.

మీ నాయన కంటే ముందర నాకొక ఆడబిడ్డ. దీవెన అని పేరు పెట్టుకుంటిమి. డెబ్బై మూడో, నాలుగో... గోస్పాడు పక్క ఊర్లో ఉంటిమి అప్పుడు. మీ తాత రెడ్డోళ్ల మడికాడ నీళ్లు కట్టేవాడు. బిడ్డకు మూడు నెల్లు నిండకనే జరమొచ్చె. నంద్యాలకు ఎత్తుకపోతిమి. పొద్దున ఒక బస్సు, మాపున ఒక బస్సు, అంతే, ఇప్పటి మాదిరి ఆటోలు యాడివి? ఆస్పత్రిలో సూదేసిరి. ఏం లాభం, నా ఒళ్లోనే పాయ.

చర్చి అయ్యగారొచ్చి, "దేవుని చిత్తం సువార్తమ్మా. ఆయన రాజు. ఇచ్చేది ఆయనే, తీసుకునేది ఆయనే" అనె. మంచి మనిషే పాపం. నాకు కడుపు మండి, "రాజయితే ఇంత లోకముందే ఆయనకు, నా ఒళ్లోదే కావాల్నా అయ్యగారూ?" అంటి. ఆయన తలకాయ వంచుకోని పాయ. ఆ ఆదివారం నుంచి చర్చికి పోతే ఒట్టు. గంట కొడితే చెవులు మూసుకుంటాంటి.

బిడ్డ పోయింది గానీ పాలు పోలేదు, తెలుసునా? రొమ్ములు రాళ్ల మాదిరి గట్టిపడె. పాలెండిపోతాయని మా అత్త మల్లెపూలు తెచ్చి కట్టె. యాడ ఏ బిడ్డ ఏడ్చినా నా రైక తడిసిపోతాండె.

అట్లుండగా మీ తాత పనిచేసే ఇంటామె, రామసుబ్బమ్మ, ఊరి బయటుండే మా గేరికొచ్చె. ఆ ఇంటి ఆడోళ్లు మా దిక్కు వచ్చిందే లేదు ఎప్పుడూ. రోడ్డు మీదనే నిలబడి పిలిచె.

"సువార్తమ్మా, నా కూతురు కాన్పయి నంద్యాల ఆస్పత్రిలో తెలివి లేకుండా పడిండాది. పిల్లోడు ఆవుపాలు కక్కుతాండాడు. ఏడ్చే ఓపిక గూడా లేదు వానికి. ఇంటికి రామ్మా, పెరట్లో కూచోని ఇచ్చిపో."

పెరట్లో! మీ తాతకు నీళ్లు గూడా ఆ పెరట్లోనే, పైనుంచి పోస్తే దోసిట్లో తాగేది. నేనంటి, "అమ్మా, పెరట్లో పాలిచ్చేదానికి నేను బర్రెనా? నా బిడ్డ పండుకున్న చాపుండాది. ఈడికే తెండి, ఇస్తా."

మా అత్త నా చెయ్యి గిల్లె. మీ తాత పని పోతాదని ఆమె భయం. రామసుబ్బమ్మ తిరుక్కోని పాయ.

ఆమె పోయినాక నా మనసు నిలవలే. మాటకు మాట సరే, పసోడేం చేసె? ఇంక నేనే పోదామని లేచి గడప దాటతాండా, ఆమె ఎదురొస్తాండాది. కాళ్లకు చెప్పుల్లేవు. పిల్లోన్ని కొంగులో చుట్టుకోనుండాది. గేరంతా చూస్తాండారు. వంగి మా కొట్టంలోకొచ్చి, ఆ చాప మీదనే కూలబడి, "నీదే భారం తల్లీ" అనె.

ఎత్తుకుంటే ఏముండాడు, కోడిపిల్ల మాదిరి. మొదలు నోరే తెరవలే. పాలచుక్క పెదాలకు రుద్దితి. చప్పరించె. ఇంక పట్టినాడు చూడు... బిడ్డ పోయిన దినం గూడా నేనంత ఏడ్వలేదుమే. నాకు తెలీకుండానే నోట్లో మాటొచ్చె, "ప్రభువా, వీన్నయినా ఉంచు" అని. అలిగి కూచున్నదాన్ని, మళ్లా ఆయన్నే అడుగుతాండా! ఇంకెవర్ని అడిగేది?

ఆ తల్లి, లక్ష్మీదేవి ఆయమ్మి పేరు, బతికిందిలే. అత్తగారూరు ఆళ్లగడ్డ. చానా దినాలకు కోలుకోని, అంతదాంకా నా కాడనే ఉన్న బిడ్డను తీసుకపోయేదానికి జీపులో వచ్చె. వాడు నా రైక పట్టుకోని వదల్లేదు. నాకేమో ఇంకో బిడ్డ పోతాండట్లే ఉండె. ఆయమ్మి చూసి, "అక్కా, నువ్వూ ఎక్కు. వాడు బువ్వ మరిగేదాంకా మా ఇంట్లో ఉండు" అనె. డ్రైవరు వెనక కూచోమంటే, "మా అక్క నా పక్కన కూచుంటాది" అనె.

ఎక్కి పోతి. ఆ ఇంటి ముసలాయన, ఆయమ్మి మామ, మూతి ముడుచుకుంటాండె గానీ, ఆయమ్మి లెక్కపెట్టలే. ఆదివారమొస్తే, "చర్చికి పోయిరా అక్కా, బిడ్డను నేను చూసుకుంటా" అని తనే పంపె. ఆళ్లగడ్డలో నన్నెరిగినోళ్లు లేరు. వెనక కూచోని పాటలు వింటి. ప్రార్థన చేస్తినా అంటే... లేదు. కూచుంటి, అంతే. ప్రభువు గూడా ఏమీ అనకుండా నా పక్కన కూచున్నట్లుండె.

ఆ పిల్లోడా? పెద్దోడయినాక, ఎనభైల ఆఖర్లో ఒకతూరి ఆళ్లగడ్డ బస్టాండులో కనపడె, అచ్చం వాళ్లమ్మ మొగమే. నన్ను గుర్తుపట్టలే. ఎట్ల పడతాడు? మీసాలొస్తాండాయి, నవ్వుకుంటా సోడా తాగుతాండాడు. నేను గూడా పలకరించలే. బతికుండాడు గదా, చాలు అనుకుంటి.

దీవెనను దేవుడు ఎందుకు తీసుకపాయనో నాకిప్పటికీ తెల్దు. ఎవరన్నా తెలుసంటే నేను నమ్మను. నేను పోయినాక ఆయన్నే అడగాల. అడగనిస్తాడు, నాకు నమ్మకముండాది. అంత పెద్ద రాజు, నా తిట్లన్నీ పడి గూడా నన్ను వదల్లే...

నీ ఒడి ఎప్పుడూ నిండుగుండాల తల్లీ. ఏ దినమన్నా నీకూ ఆయన మీద కోపమొస్తాది. వస్తే కోప్పడు, ఏం కాదు. ఆయన తట్టుకుంటాడులే...