అక్క గొంతు అనే ఫోల్డరు

మందుల షాపాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, పొద్దున్నుంచీ తన కంప్యూటరు ఏదో ఎర్రరు చూపిస్తోందనీ, ఇక దాన్ని పారేసి కొత్తది కొనుక్కోవడమే మేలనీ అన్నాడు. అంతే, ఎదురు బెంచీ మీద ఉన్న జెరాక్సన్న చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన పేపరు మడిచాడంటే ఇక ఇప్పట్లో ఎవరూ లేవలేరని టీ కొట్టు వదినకి తెలుసు. పాలగిన్నె కింద మంట తగ్గించింది.

"ఎర్రరు చూపిస్తే పారేస్తావా తమ్ముడూ? మీ మావగారు పెళ్లైనప్పట్నుంచీ నీకు ఎర్రరే చూపిస్తున్నాడు కదా, ఏం, మార్చేశావా? వినండి, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు..."

వ్యాను డ్రైవరు దగ్గాడు.

"దగ్గొస్తే మందుల షాపాయన పక్కనే ఉన్నాడు, మాత్ర అడుగు. మా అక్క సంగతి మీకు తెలుసుగా. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పేది. గొంతు ఆపరేషన్ తర్వాత మాట పోయింది. తను టైపు చేస్తే కంప్యూటరు పైకి చదివే ప్రోగ్రాం ఒకటి ఉండేది, దాంతోనే మాట్లాడేది, దాంతోనే నన్ను తిట్టేది. ఆ పాత కంప్యూటరు కాస్తా చచ్చి ఊరుకుంది. కొత్తదాంట్లో ఆ ప్రోగ్రాం ఎక్కనంటే ఎక్కనంది. కంపెనీకి ఫోన్ చేస్తే, అది మేం ఆపేశాం సార్, ఇంక రాదు, మర్చిపోండి అన్నాడు. మర్చిపోవాలంట! మా అక్క గొంతుని! ఆపడానికి నువ్వెవడివిరా అన్నాను."

"అతనితోనే అన్నావా?" అంది వదిన.

"ఫోన్ పెట్టేశాక అన్నాను. కానీ గట్టిగా అన్నాను. సరే, వెతగ్గా వెతగ్గా, ఎవరో పుణ్యాత్ములు అలాంటి ప్రోగ్రామే ఒకటి రాసి, దాని సోర్సు మొత్తం నెట్లో ఊరికే పెట్టారు. సోర్సంటే తెలుసా వదినా? రెడీమేడ్ చొక్కా కాదు. గుడ్డా కొలతలూ చేతిలో పెట్టి, నువ్వే కుట్టుకో అనడం. కుట్టే మిషను పేరు కంపైలరు, అది కూడా మనమే తెచ్చుకోవాలి. తెచ్చుకుందాం, భయమా అని డౌన్‌లోడు పెట్టాను. ఎంత పెద్దదనుకున్నావ్? అది దిగడం మొదలెట్టగానే వీధి వీధంతా నెట్టు ఆగిపోయింది. ఎదురింటాయన సినిమా చూస్తున్నాడు, హీరో తన్నడానికి కాలెత్తాడు, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. విలన్ కాసేపు చూసి, విసుగొచ్చి వెళ్లిపోయాడు."

"సినిమాలో విలనా?"

"మరి ఎంతసేపు నిలబడతాడు పాపం? ఆ తర్వాత ఏమైందో తెలుసా? అంతా దిగింది. కుట్టవే అని మీట నొక్కాను. కంపైలర్ కనబడట్లేదు అంది విండోసు! ఇప్పుడే కదే నీ కళ్లముందు దించాను, ఎలా కనబడదు అన్నాను. అంతే, దానికి రోషం వచ్చింది. ఎర్రర్లు మొదలయ్యాయి చూడు, ఎర్రటి అక్షరాలు, జలజలా రాలుతున్నాయి, స్క్రీను చాల్లేదు, ప్రింటరులోకి పారాయి, షాపులో ఉన్న కాగితాలన్నీ అయిపోయాయి, అయినా ఆగవే! ఆ కాగితం గుమ్మం దాటి, నీ షాపు ముందు నుంచి, మలుపు తిరిగి, అలా పోయింది."

"నాకు కనబడలేదే," అన్నాడు మందుల షాపాయన.

"నువ్వు ఆ రోజు సెలవు. అంత కాగితమూ నేను చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు. చదివితే తెలిసిందేంటయ్యా అంటే, మిషను ఇంట్లోనే ఉంది కానీ ఏ గదిలో ఉందో విండోసుకి తెలీదు. దానికి దారి రాసివ్వాలి. పాత్ అంటారు దాన్ని. సరే, రాయడం మొదలెట్టాను. ఈ ఫోల్డర్లో ఆ ఫోల్డరు, ఆ ఫోల్డర్లో ఇంకో ఫోల్డరు... రాస్తూ రాస్తూ ఉంటే ఆ దారి ఎంత పొడుగైందంటే, చివర్లో తప్పుందేమో చూసుకుందామని స్కూటరేసుకుని వెళ్లాను."

"పెట్రోలు కొట్టించావా మధ్యలో?" అన్నాడు డ్రైవరు.

"వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి."

అప్పుడే రోడ్డు దాటి అక్క వచ్చింది. చంకలో ల్యాప్‌టాప్, మెడ చుట్టూ నూలు కండువా. తమ్ముడు వీపు తిప్పి కూర్చుని చేతులు ఊపుతుంటే రెండు క్షణాలు నిలబడి చూసింది. పలకరించబోయిన వదినకి, ఉండమన్నట్టు చెయ్యి చూపించి, వెనక బెంచీ చివర చప్పుడు కాకుండా కూర్చుంది. జెరాక్సన్న చూసుకోలేదు.

"అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. నేను ఆ సోర్సు పెట్టుకున్న ఫోల్డరుకి అక్క గొంతు అని తెలుగులో పేరు పెట్టాను. మరి అందులో ఉన్నది అదే కదా! విండోసేమో, ఈ పేరు నాకు చదవడం రాదు, మార్చు అంది. మార్చను అన్నాను. పోనీ రెండు మాటల మధ్య ఖాళీ అయినా తీసెయ్యి అంది. తియ్యను అన్నాను. కావాలంటే నువ్వే తెలుగు నేర్చుకో, నాకేం తొందర లేదు అన్నాను. కూర్చోబెట్టి అ ఆలు దిద్దించాను తమ్ముడూ! మొదట్లో మొండికేసింది. సాయంత్రానికల్లా గుణింతాలు అప్పజెప్పేసింది. ఒక్క బండి ర దగ్గరే కొంచెం ఇబ్బంది పడింది."

"అది మా పిల్లాడికీ ఇప్పటికీ రాలేదు," అంది వదిన.

"పంపించు, చెప్తాను. ఇక అప్పుడు మీట నొక్కాను. కంపైల్ అవుతోంది! ఫ్యాను తిరుగుతోంది, తిరుగుతోంది, గుయ్యిమని తిరుగుతోంది. ఆ వేడికి పక్కింటివాళ్లు దండెం మీద ఆరేసిన దుప్పట్లు ఆరిపోయి, ఇస్త్రీ కూడా అయిపోయి, మడతలు పడ్డాయి. నేను ఆశ్చర్యపోతూ చూస్తున్నానా, కంప్యూటరు బల్ల మీంచి జానెడు లేచింది! ఫ్యాను జోరు మరి! వైరు పట్టుకుని లాగాను, ఆగదు. కిటికీలోంచి బయటపడింది, వైరు పట్టుకుని నేనూ బయటపడ్డాను. పెంకులన్నీ కింద కనబడుతున్నాయి. ఒక చేత్తో వైరు, ఇంకో చేత్తో కీబోర్డు. గాల్లోనే ఇంకో రెండు ఎర్రర్లొచ్చాయి, గాల్లోనే సరిచేశాను!"

డ్రైవరు గ్లాసు కింద పెట్టేసి పొట్ట పట్టుకున్నాడు.

"నవ్వు, నవ్వు. ఆ కంపెనీ పెద్దాయన నవ్వలేదు. గాల్లో ఉండగానే ఫోన్ చేశాడు. అయ్యా, మావాళ్లు తెలీక అనేశారు, మీరు దిగండి, ఆ పాత ప్రోగ్రాం మేమే బాగుచేసి ఇస్తాం అన్నాడు. అక్కర్లేదు అన్నాను! పోయి నీ కుర్చీలో నువ్వు కూర్చో, మా అక్క గొంతు సంగతి మేం చూసుకుంటాం అన్నాను. ఈసారి ఫోన్ పెట్టక ముందే అన్నాను. దిగాను. అక్క టైపు చేసింది. కంప్యూటరు నోరు తెరిచింది. ఎలాంటి గొంతనుకున్నారు! కిటికీ అద్దాలు గలగల్లాడాయి. అక్కడ బస్టాండులో ఏమైందో తెలుసా? అక్క మళ్లీ మైకులోకి వచ్చిందనుకుని, ఆగున్న బస్సులన్నీ స్టార్టయిపోయి, డ్రైవర్లు లేకుండానే, టైము ప్రకారం, వరసగా..."

"ఆపరా."

గొంతు వెనకనుంచి వచ్చింది. ఎత్తూ పల్లం లేని గొంతు, ఒక్కో మాటా విడివిడిగా. జెరాక్సన్న చెయ్యి బస్సులు వెళ్లిన వైపే చూపిస్తూ ఆగిపోయింది. ఆయన వెనక్కి తిరిగాడు. అక్క ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. వేళ్లు మీటల మీద పరుగెడుతున్నాయి. ఆమె ఆగిన చోట కంప్యూటరు అందుకుంటోంది.

"బస్సులు కదల్లేదు. కంప్యూటరు ఎగరలేదు. వీడు ఒక్క ఎర్రరూ చదవలేదు. ఎర్రగా కనబడితే చాలు, పళ్లు కొరుకుతూ మళ్లీ మీట నొక్కాడు. మొదటి లైన్లోనే రాసుంది, కంపైలరు లేదని. వీడు మిషను తేలేదు, మిషను వచ్చే డబ్బా తెచ్చాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, మిషను కూడా కావాలని ఒక గడిలో టిక్కు పెట్టాలి. పెట్టలేదు. భోంచేసి కుర్చీలో నిద్రపోయాడు. నేను పెట్టాను."

మందుల షాపాయనకి పొలమారింది. వదిన ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి తెలుగు నేర్చుకున్న విండోసో?" అన్నాడు డ్రైవరు.

"ఫోల్డరు పేరు కూడా నేనే మార్చాను. ఇంగ్లీషులో ఒక్క అక్షరం పెట్టాను. ఏ. అప్పుడు కుట్టింది."

"అయితే ఏంటట?" జెరాక్సన్న లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి గానీ గొంతు తగ్గలేదు. "ఒక టిక్కు! ఒక అక్షరం! మొత్తం పనిలో అదెంత? మిగతాదంతా ఎవరు చేశారు?"

"మిగతాదంతా గురక."

ఇక ఎవరి వల్లా కాలేదు. డ్రైవరు బెంచీ చరుస్తూ నవ్వాడు. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు. అక్క మాత్రం నవ్వలేదు. టైపు చేస్తూనే ఉంది. ఈసారి చాలాసేపు చేసింది. నవ్వులు వాటంతటవే తగ్గేదాకా చేసి, అప్పుడు మీట నొక్కింది.

"ఒకటి వీడు చెప్పలేదు. నాకే విసుగొచ్చేసింది. ఇంక వద్దు, సైగలతో బతికేస్తాను, నీ షాపు నువ్వు చూసుకో అని చేత్తో చెప్పాను. వీడు షాపు షట్టరు దించేశాడు. నువ్వు నోటికొచ్చినట్టు నన్ను తిట్టేదాకా ఎత్తను అన్నాడు. ఎవరొచ్చి తలుపు కొట్టినా ఎత్తలేదు. పొద్దున మొదలెట్టి, పోతే మళ్లీ మొదట్నుంచి, పోతే మళ్లీ మొదట్నుంచి. ప్రతిసారీ తప్పే చేశాడు. కానీ మానలేదు. చూడలేక, వీడు నిద్రపోయినప్పుడు ఆ మొదటి లైను నేను చదివాను. లేకపోతే నేను దాని వైపు కూడా చూసేదాన్ని కాదు."

కంప్యూటరు గొంతు ఆగింది. పాలు పొంగబోతుంటే వదిన గబుక్కున గిన్నె దించి, గుడ్డ చేతిలోనే పట్టుకుని అడిగింది.

"నిజమేనా అన్నా? షాపు మూసేసి కూర్చున్నావా?"

జెరాక్సన్న ఎవరి వైపూ చూడకుండా చొక్కా జేబు తడుముకున్నాడు. షాపు తాళాలు తీసి అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"నమ్మకండి వదినా," అన్నాడు. "మా అక్కవన్నీ కోతలు."